మొదటి రైఫిల్ కొనేముందు: మూడు లక్షల అప్పు కంటే మూడు నెలల ఓపిక మేలు



పారిస్ ఒలింపిక్స్ తర్వాత నుంచి పేరెంట్స్ మీటింగ్ రోజున మార్కుల షీట్ చూసుకున్నాక, కొందరు తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న మారింది. అంతకుముందు క్రికెట్ బ్యాట్ ఏది కొనాలి, బ్యాడ్మింటన్ కోచింగ్ ఎక్కడుంది అని అడిగేవారు. ఇప్పుడు, "సార్, మా వాడు రైఫిల్ షూటింగ్ అంటున్నాడు. గన్ ఎంతవుతుంది? తక్కువలో ఏది కొనాలి?" అని అడుగుతున్నారు. అమ్మాయిల తల్లులే ఈ మాట ఎక్కువగా అడగడం నాకు సంతోషం.

అడగడంలో తప్పు లేదు. 2024లో పారిస్‌లో మన దేశానికి వచ్చిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌లోనే వచ్చాయి. పిల్లలు టీవీలో చూశారు, మనసు పడ్డారు. కానీ చెన్నేకొత్తపల్లి, ధర్మవరం, పెనుకొండ వైపు మన ఇళ్లలో మూడు లక్షలంటే చిన్న మాట కాదు. శనక్కాయ పంట మీద బతికే ఇంట్లో అది ఒక మంచి ఏడాది మిగులు కంటే ఎక్కువ. మగ్గం మీద బతికే ఇంట్లో ఎన్ని చీరల కూలి అవుతుందో మీకే తెలుసు. అందుకే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటి మూడు నెలలు ఏ రైఫిలూ కొనకండి. ఆ తర్వాత కూడా అప్పు చేసి కొనకండి. అలాగని "అది డబ్బున్నోళ్ల ఆట, మనకెందుకు" అని పిల్లల నోరు మూయించకండి. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది.

అసలు ఈ ఆట ఏమిటి?

కదిరి తిరునాళ్లలో బెలూన్లు పేల్చే తుపాకీ చూసి చాలామంది ఇదే షూటింగ్ అనుకుంటారు. పోటీల్లో ఆడే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ వేరు. ఇందులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ బయటికి వస్తుంది. పది మీటర్ల దూరంలో, అంటే సుమారు 33 అడుగుల దూరంలో, లక్ష్యం కాగితం ఉంటుంది. దాని నడిమధ్య పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. పెన్నుతో పెట్టిన చుక్కంత. నిలబడి, దుర్భిణి లేకుండా, చిన్న రంధ్రం ఉన్న పీప్ సైట్‌లోంచి చూసి దాన్ని కొట్టాలి. పెద్ద పోటీల్లో 75 నిమిషాల్లో 60 షాట్లు. ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9 పాయింట్లు.

ఇక్కడ కండబలం కంటే కదలకుండా నిలబడగలగడం ముఖ్యం. ఊపిరి, చూపు, వేలు ఈ మూడూ ఒకే క్షణంలో కలవాలి. ఒక షాట్ చెడితే దాన్ని మరిచిపోయి తర్వాతి షాట్‌కు సిద్ధం కావాలి. చదువులో వెనకబడతాడేమో అని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట చెబుతాను. గంటసేపు ఒకే పని మీద మనసు నిలపడం ఈ ఆటలో మొదటి పాఠం. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు కావలసిందీ అదే.

హైదరాబాద్‌కు చెందిన ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న కుర్రాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. పరుగు, ఎత్తు, బలం అవసరమయ్యే ఆటల్లో చోటు దొరకని పిల్లలకు కూడా ఇందులో చోటు ఉందని చెప్పడానికే ఈ పేరు ఎత్తాను.

పతకం వెనుక స్థలం అమ్మిన కథ

గగన్ నారంగ్ పేరు మీరు వినే ఉంటారు. హైదరాబాద్‌లో పెరిగాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం తెచ్చాడు. కొడుకు రైఫిల్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్ముకుని అద్దె ఇంట్లో ఉన్నారని పత్రికలు రాశాయి. ఆ కథ చదివి, "వాళ్లు అమ్మారు, మనమూ అమ్ముదాం" అనుకునే తండ్రులు ఉన్నారు. నేను ఆ త్యాగాన్ని తక్కువ చేయను. కానీ కథలో మనం మరిచిపోయే ముక్క ఒకటుంది. గగన్ చేతికి మొదట వచ్చింది ఆ ఖరీదైన రైఫిల్ కాదు. 1997లో తండ్రి ఇచ్చిన ఒక ఎయిర్ పిస్టల్‌తో బేగంపేటలో ఇంటి పెరట్లో మొదలుపెట్టాడు. పెద్ద ఖర్చు తర్వాత వచ్చింది. పిల్లవాడి చేయి, మనసు ఏమిటో ఇంట్లో వాళ్లకు తెలిశాక వచ్చింది.

ఇంకో ఉదాహరణ స్వప్నిల్ కుశాలే. పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి కుర్రాడు, తండ్రి బడిపంతులు. అతను షూటింగ్ మొదలుపెట్టింది మహారాష్ట్ర ప్రభుత్వ క్రీడా పథకం క్రీడా ప్రబోధినిలో. ఆ తర్వాత రైల్వేలో ఉద్యోగం వచ్చింది. అంటే తొలి అడుగు కుటుంబం జేబు మీద కాక ఒక సంస్థ భుజం మీద పడింది. ఆ కుటుంబమూ కష్టపడింది, ఖర్చు పెట్టింది. కానీ పిల్లవాడికి ఈ ఆట నప్పుతుందా లేదా అన్నది తేలింది సంస్థ దగ్గర, సంస్థ సామానుతో.

ఈ రెండు కథల నుంచి నేను తీసుకునే నీతి ఒకటే. మొదటి రైఫిల్ అరువుదై ఉండాలి.

అరువు రైఫిల్ ఎక్కడ దొరుకుతుంది?

ఒకటి, ఎన్.సి.సి. మీ పిల్లలు చదివే చోట ఎన్.సి.సి. ఉంటే అందులో చేర్పించండి. క్యాడెట్లకు పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగ్ నేర్పుతారు. రైఫిల్‌కూ, తూటాకూ మీరు పైసా కట్టక్కర్లేదు. పడుకుని గురి చూడడం, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్‌ను లాగకుండా మెల్లగా నొక్కడం ఇవన్నీ అక్కడ వస్తాయి. బాగా కాల్చే క్యాడెట్లకు క్యాంపులు, పోటీలు ఉంటాయి.

రెండు, షూటింగ్ రేంజ్. మన దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఒక వైపు అనంతపురం, మరో వైపు బెంగళూరు. బెంగళూరులో, హైదరాబాద్‌లో ప్రైవేటు రేంజ్‌లు ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల నేర్చుకునేవారికి రేంజ్ రైఫిలే ఇస్తారు. వేసవి సెలవుల్లో ఒక నెల శిబిరానికి పంపడం లక్షల రైఫిల్ కంటే ఎంతో చౌక. ఆ నెల తర్వాత కోచ్‌ను ఒక్కటే అడగండి: "మా బిడ్డ రైఫిల్ కొనే దశకు వచ్చిందా?" నిజాయితీ ఉన్న కోచ్ ఎక్కువసార్లు "ఇంకా లేదు" అంటాడు. మొదటి రోజే ఫలానా షాపులో ఫలానా రైఫిల్ కొనమనే చోటు నుంచి మర్యాదగా తిరిగి రండి.

కొనే రోజు వస్తే ఏది కొనాలి?

మూడు నెలల తర్వాత కూడా పిల్లలు ఆసక్తి వదల్లేదు, కోచ్ సరే అన్నాడు, ఇంట్లో వీలు ఉంది అనుకుందాం. అప్పుడు మార్కెట్లో మీకు మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది స్ప్రింగ్ రైఫిల్. గొట్టాన్ని వంచి, స్ప్రింగ్‌ను బిగించి కాల్చేది. మన దేశంలో తయారైనవి సుమారు పది నుంచి ఇరవై వేలలో దొరుకుతాయి. గాలి నింపే బెడద లేదు, చెడిపోయేది తక్కువ. కానీ కాల్చిన క్షణంలో లోపలి స్ప్రింగ్ ముందుకూ వెనక్కీ కుదుపుతుంది. పట్టు కొంచెం మారినా దెబ్బ పక్కకు పోతుంది. ఇంట్లో అభ్యాసానికి, ఓపెన్ సైట్ విభాగం ఉన్న పాఠశాల స్థాయి, జిల్లా స్థాయి పోటీలకు ఇది సరిపోవచ్చు. ఆ ఏడాది పోటీ నిబంధనల్లో ఆ విభాగం ఉందో లేదో ముందు కనుక్కోండి. వేటకు పనికొస్తుందని, దుర్భిణి బిగించి, "పవర్ ఎక్కువ" అని అమ్మే రకం మాత్రం వద్దు. లక్ష్యం షూటింగ్‌లో పవర్‌తో పని లేదు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిల్ శక్తి సుమారు ఏడున్నర జౌళ్లే.

రెండోది పీసీపీ రకం. ముందే గాలి నింపిన సిలిండర్‌తో పనిచేస్తుంది, కుదుపు దాదాపు ఉండదు. ఇందులో మన దేశపు తయారీలు, విదేశీ జూనియర్ మోడళ్లు ఉన్నాయి. పెరిగే పిల్లలకు నా ఓటు వీటికే. పెద్దల పోటీ రైఫిల్ బరువు ఐదున్నర కిలోల వరకు ఉండొచ్చు. పన్నెండేళ్ల పిల్ల దాన్ని అరవై సార్లు ఎత్తి దించితే ఆటకంటే ముందు నడుము నొప్పి వస్తుంది. జూనియర్ రైఫిల్ నాలుగు కిలోలకు అటూఇటూగా ఉంటుంది.

మూడోది ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్షుట్జ్ వంటి జర్మన్ పోటీ రైఫిళ్లు. సుమారు రెండు లక్షలతో మొదలై మూడు లక్షలు దాటతాయి. రాష్ట్ర స్థాయిలో నిలకడగా స్కోరు చేస్తున్న పిల్లలకు తప్ప వీటి గురించి ఆలోచించకండి. అప్పుడైనా ముందు సెకండ్‌హ్యాండ్ చూడండి. ఈ రైఫిళ్ల గొట్టాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. కానీ గాలి సిలిండర్‌కు వయసు ఉంది. జర్మన్ కంపెనీలు సాధారణంగా పదేళ్ల వాడకం అని నిర్ణయించి, తయారీ తేదీని సిలిండర్ మీదే చెక్కుతాయి. పాత రైఫిల్ కొనేటప్పుడు అందరూ మెరుపు చూస్తారు. మీరు ఆ తేదీ చూడండి. గడువు దగ్గరపడితే కొత్త సిలిండర్ ధరను బేరంలో తగ్గించమనండి.

ఏ రకమైనా సరే, చెల్లించే ముందు ఈ ఐదూ చూసుకోండి.

ఒకటి, ఏ కన్ను బలమైనదో తెలుసుకోండి. రెండు చేతులు ముందుకు చాపి అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్నో కొబ్బరిచెట్టు కొసనో చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు అది సందులోనే కనబడుతుందో అదే బలమైన కన్ను. కుడిచేతి పిల్లలకు ఎడమ కన్ను బలంగా ఉండొచ్చు. ఆ సంగతి ముందే కోచ్‌కు చెప్పండి. ఎడమ వాటం రైఫిల్ వేరే ఉంటుంది.

రెండు, రైఫిల్ పిల్లల ఒంటికి అమరాలి. భుజానికి ఆనే భాగం, చెంప ఆనే భాగం జరుపుకునేలా ఉండాలి. ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరిగే వయసులో జరగని రైఫిల్ మరుసటి ఏడాదికి పొట్టిదవుతుంది.

మూడు, గాలి ఎవరు నింపుతారు? బెంగళూరు రేంజ్‌లో పెద్ద సిలిండర్ ఉంటుంది. మన ఊళ్లో? సరైన చేతిపంపు ధర కూడా కలిపి లెక్క వేయండి.

నాలుగు, రిపేరు ఎక్కడ? రబ్బరు సీలు పోయినా నెలల తరబడి మూలపడే రైఫిల్ ఎంత చౌకైనా ఖరీదే. అమ్మేవాడిని విడిభాగాల గురించి కాగితం మీద రాసిమ్మనండి.

ఐదు, నెల ఖర్చు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 60 షాట్లు అంటే నెలకు 960 పెల్లెట్లు. డబ్బాకు 500 చొప్పున నెలకు రెండు డబ్బాలు, ఏడాదికి సుమారు 24. మీ షాపులో ఒక డబ్బా ధర అడిగి 24తో హెచ్చించండి. దానికి లక్ష్యం కాగితాలు, ప్రయాణం, పోటీల ఫీజు కలపండి. ఆ మొత్తం ఏటా కట్టగలిగితేనే రైఫిల్ కొనండి. ఎద్దులు కొని మేతకు లేక అమ్ముకున్న రైతు బాధ మనకు కొత్త కాదు.

జాకెట్, ప్యాంటు, బూట్ల గురించి ఒక మాట. షూటింగ్ జాకెట్ గట్టి కాన్వాసుతో నడుముకు ఆసరాగా కుడతారు. మొదటి ఆరునెలలు దాని అవసరం లేదు. ముందు పిల్లల వెన్నుముకే వాళ్లను నిలబెట్టాలి. తర్వాత కూడా పెరిగి వదిలేసిన సీనియర్ల జాకెట్ అడగండి. పెళ్లికి పట్టుచీర అరువు తీసుకున్నా చిన్నతనం అనుకోని ఊరు మనది.

చట్టం, భద్రత

4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌళ్ల శక్తి లోపు ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పాయింట్ 22 వంటి మందుగుండు తుపాకీకి లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ అక్కర్లేదు అంటే బొమ్మ అని అర్థం కాదు. పది మీటర్లలో కాగితాన్ని చీల్చే పెల్లెట్ కంటిని తీసేస్తుంది. కొనుగోలు తల్లి లేదా తండ్రి పేరు మీద, గుర్తింపు కార్డు ఇచ్చి, బిల్లు తీసుకుని చేయండి. ఇంట్లో బీరువాలో తాళం వేసి, పెల్లెట్లు వేరే చోట పెట్టండి. బస్సులో తీసుకెళ్తే పెట్టెలో మూసి, బిల్లు కాపీతో తీసుకెళ్లండి. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఒక్క షాట్ కూడా వద్దు. పెల్లెట్ సీసంతో చేసింది, సీసం విషం. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోనివ్వకండి.

ఇక పక్షుల మాట. చేతిలో గన్ ఉంటే గోరువంక, చిలుక, ఉడుత కనిపించగానే గురి పెట్టాలని చిన్నవాళ్లకు అనిపిస్తుంది. అది వన్యప్రాణి చట్టం కింద కేసు అయ్యే పని. అంతకంటే ముందు, మన జిల్లా మర్యాదకు సరిపడని పని. చిలమత్తూరు మండలం వీరాపురంలో గూళ్లు కట్టుకునే కొంగలను ఆ ఊరి జనం బిడ్డల్లా కాపాడుతున్నారు. ప్రాణి మీద ఒక్కసారి గురి పెట్టినా రైఫిల్ వెనక్కి తీసుకుంటానని మొదటి రోజే చెప్పండి. చెప్పిన మాట మీద నిలబడండి.

మా వైపు నుంచి ఒక కోరిక

ఇది తల్లిదండ్రుల పత్రిక. అయినా యాజమాన్యానికి కూడా ఇక్కడే ఒక మాట చెబుతాను, ఎందుకంటే బాధ్యత మీ ఒక్కరిదే కాదు. ఒక్కో ఇల్లు ఒక్కో రైఫిల్ కొనడం కంటే, దగ్గర దగ్గరి బ్రాంచ్‌లు కలిసి రెండు జూనియర్ ఎయిర్ రైఫిళ్లు కొంటే నలభై మంది పిల్లలు నేర్చుకోవచ్చు. రేంజ్‌కు కావలసింది పన్నెండు మీటర్ల పొడవున్న ఒక గది, వెనక గట్టి గోడ, పెల్లెట్లు పట్టే ఇనుప పెట్టెలు, తాళం ఉన్న బీరువా, శిక్షణ పొందిన ఒక టీచరు. కంప్యూటర్ ల్యాబ్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే. బ్రోషర్ మీద ఒలింపిక్ విజేతల ఫొటోలు వేసే పాఠశాలలు, ఆ ఫొటోలోని వస్తువును ఒక్కసారైనా పిల్లల చేతికి ఇవ్వాలి కదా. మీరు కూడా అదే అడగండి. పది మంది తల్లిదండ్రులు కలిసి సంతకం పెట్టిన కాగితానికి ఒక టీచరు మాట కంటే బరువెక్కువ.

కొందరు అడుగుతారు, "ఇంత చేశాక ఉద్యోగం వస్తుందా సార్?" అని. రైల్వేల వంటి సంస్థలు క్రీడాకారులను తీసుకుంటాయన్నది నిజం. అయితే అక్కడిదాకా వెళ్లేది కొద్దిమందే. ఆ ఆశ మీద ఇల్లు తాకట్టు పెట్టకండి. అప్పు చేసి కొన్న రైఫిల్ పిల్లల భుజం మీద దాని బరువు కంటే ఎక్కువ బరువు పెడుతుంది. "నాన్న నా కోసం అప్పు చేశాడు" అనుకుంటూ నిలబడిన పిల్లవాడి వేలు ట్రిగ్గర్ మీద వణుకుతుంది. అరువు రైఫిల్‌తో నవ్వుతూ కాల్చే పిల్లవాడు వాడికంటే బాగా కాలుస్తాడు.

ఈ నెలలో మీరు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. రోజూ సాయంత్రం గోడ మీద ఒక చిన్న నల్ల చుక్క పెట్టండి. సగం నీళ్లు నింపిన సీసాను చాచిన చేతిలో పట్టుకుని, చుక్కను చూస్తూ, నీళ్లు కదలకుండా నిలబడమనండి. మొదటి రోజు అర నిమిషం. నెలాఖరుకు రెండు నిమిషాలు. ముప్పై రోజులూ మీరు గుర్తు చేయకుండా తనంతట తానే చేస్తే, వచ్చే మీటింగ్‌కు పిల్లవాడినో పిల్లనో వెంటబెట్టుకుని రండి. అప్పుడు రైఫిల్ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. నాలుగో రోజుకే సీసా మూలన పడితే, మీ మూడు లక్షలు మిగిలాయి. అదీ మంచిదే.